జనరల్ విలియం బూత్ గారు – కనికరము, కష్టార్జితము

రక్షణ సైన్యము అనగానే మన ప్రాంతములలో వీధి కూడికలు, డప్పులు, యూనిఫారము ధరించిన సేవకులు జ్ఞప్తికి వచ్చుదురు. నిడుబ్రోలులోని ఎవాంజలీన్ బూత్ ఆసుపత్రిని ఎరిగినవారు కూడ మన సంఘములలో అనేకులున్నారు. ఆ ఎవాంజలీన్ గారి తండ్రియే విలియం బూత్ గారు. ఆయన గొప్ప సువార్తికుడని అందరికిని తెలియును. అయితే కూలి స్త్రీల ప్రాణములు కాపాడుటకు ఆయన ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నడిపించిన సంగతి కొందరికే తెలియును. ఈ శతాబ్ది సంచికలో ఆ సంగతిని సంఘస్థుల ముందుంచ గోరుచున్నాము.

బూత్ గారు 1829 ఏప్రిల్ 10న ఇంగ్లండు దేశమందలి నాటింగ్‌హామ్ పట్టణము నొద్ద జన్మించిరి. తండ్రి వ్యాపారము చెడిపోగా, 13వ యేట ఆయనను తాకట్టు దుకాణములో పనికి పెట్టిరి. 1842లో తండ్రి మరణించెను. బీదలు తమ పక్కబట్టలు, పనిముట్లు తెచ్చి కుదువబెట్టుట ఆయన ప్రతిదినము చూచిరి. బీదరికమును ఆయన పుస్తకములలో చదువలేదు, కౌంటరు వెనుక నిలిచి నేర్చుకొనిరి.

1849లో లండను చేరి, 1855లో కేథరిన్ గారిని వివాహమాడి, మెథడిస్టు సేవలో కొంతకాలము గడిపిన పిమ్మట, 1865లో తూర్పు లండనులో బీదల మధ్య సేవ మొదలు పెట్టిరి. 1878లో ఆ సేవకే రక్షణ సైన్యమను పేరు వచ్చెను. ఆకలితో ఉన్నవానికి ప్రసంగము చెవికెక్కదని ఆయన త్వరలోనే గ్రహించిరి. 1870 తరువాతి సంవత్సరములలో చౌక భోజనపు కొట్లు తెరచిరి గాని నష్టము వచ్చి మూయవలసి వచ్చెను. ఆయన వెనుదీయలేదు. 1888లో లైమ్‌హౌస్ రేవు ప్రాంతములో మరల ఒక ఆశ్రయము తెరచిరి. నాలుగు పెన్నీలకు రాత్రి భోజనము, పడక, ఉదయపు ఆహారము. ఆ నాలుగు పెన్నీలు కూడ లేనివాడు పని చేసి ఋణము తీర్చుకొనవచ్చును. ఉచితముగా ఏల ఇయ్యరాదని కొందరడిగిరి. మనిషిని బిచ్చగానిగా చేయు దానము అతని ఆకలిని తీర్చినను అతని ఆత్మగౌరవమును తినివేయునని ఆయన నమ్మకము.

1890 అక్టోబరు 4న కేథరిన్ గారు క్యాన్సరు వ్యాధితో ప్రభువునందు నిద్రించిరి. ఆ నెలలోనే బూత్ గారి గొప్ప గ్రంథము వెలువడెను. బ్రిటను జనాభాలో పదియవ వంతు, అనగా సుమారు 30 లక్షల మంది, దారిద్ర్యమందు మునిగి యున్నారనియు, లండను బండి గుఱ్ఱమునకు దొరకు నీడ, మేత, పని వారికి దొరకుట లేదనియు అందులో చూపిరి. పని మొదలిడుటకు లక్ష పౌనులు అడిగిరి. కొద్ది నెలలలోనే ఆ సొమ్ము వచ్చెను.

ఆ కాలములో అగ్గిపుల్లల తలకు తెల్ల భాస్వరము పూసెడివారు. దాని ఆవిరి పీల్చిన పనివారికి పంటినొప్పి మొదలై, దవడ వాచి, ఎముక కుళ్ళి, ముఖము వికారమగుచుండెను. అనేకులు మరణించిరి. ఎఱ్ఱ భాస్వరముతో ఈ ప్రమాదము లేకపోయినను, ఖర్చు ఎక్కువని యజమానులు దానిని వాడలేదు. 1888లో బ్రయంట్ అండ్ మే ఫ్యాక్టరీ స్త్రీలు సమ్మె చేసినను విషము మాత్రము పోలేదు. 1891లో బూత్ గారు ఆ ప్రాంతమందే ఓల్డ్ ఫోర్డ్‌లో సొంత ఫ్యాక్టరీ తెరచిరి. సుమారు 120 మందికి గాలి వెలుతురు గల గదులలో, ఎఱ్ఱ భాస్వరముతో పని దొరికెను. ఇతరులు గ్రోసుకు, అనగా 144 పెట్టెలకు, రెండు పెన్నీలకు కాస్త పైగా ఇచ్చుచుండగా ఇక్కడ నాలుగు పెన్నీలు ఇచ్చిరి. పార్లమెంటు సభ్యులను, పత్రికలవారిని తీసుకొనిపోయి, వ్యాధిగ్రస్తులను వారి యిండ్లలోనే చూపించిరి.

అయితే ఈ పెట్టె వెల కొంచెము హెచ్చు. కొట్టుకు పోయినవారు చౌకదానికే చేయి చాపిరి. 1901లో ఫ్యాక్టరీ మూతపడెను. ఇది ఓటమియా? అదే సంవత్సరము బ్రయంట్ అండ్ మే తెల్ల భాస్వరమును మానివేసెను. 1910 నుండి బ్రిటనులో అట్టి అగ్గిపుల్లలు చట్టముచేత నిషేధింపబడెను. విషము లేకుండ పని జరుగునని, న్యాయమైన కూలి ఇయ్యవచ్చునని ఆ చిన్న ఫ్యాక్టరీ పదేండ్లు కన్నులకు కట్టినట్లు చూపెను. గోధుమ గింజ భూమిలో పడినది, పంట ఇతరుల పొలములో పండినది.

విమర్శకులును లేకపోలేదు. శాస్త్రజ్ఞుడైన హక్స్‌లీ గారు పత్రికలో వరుసగా లేఖలు వ్రాసి, ఇంత సొమ్ము ఒక్కని చేతిలోనా యని ప్రశ్నించిరి. బూత్ గారు లెక్కల పుస్తకములు తెరచి చూపిరి. 1892లో విచారణ సంఘము పరిశీలించి, సొమ్ము చెప్పిన పనికే వాడబడెనని తేల్చెను. 1912 ఆగస్టు 20న, చూపు పోయిన స్థితిలో, ఆయన తన పరుగు ముగించిరి.

ప్రియ సంఘస్థులారా, మిషను ఆసుపత్రిలో ఫీజు పుచ్చుకొనవచ్చునా, పుచ్చుకొనకపోతే మందులు ఎక్కడనుండి వచ్చునని మన కమిటీలలో తరచు వాదన జరుగును. మంచి సమరయుడు గాయములు కట్టి ఊరుకొనలేదు. పూటకూళ్ళవానికి సొమ్ము చెల్లించి, మిగిలినది తరువాత ఇచ్చెదననెను. కనికరమునకు ఎవరో ఒకరు వెల చెల్లించవలసినదే. ఇయ్యగలవాడు ఇచ్చి, లేనివాని గౌరవము నిలుపు ఏర్పాటు, దానికి తోడు దాపరికము లేని లెక్క, ఇవి రెండును పరిచర్యలో భాగమేయని బూత్ గారి జీవితము మనకు నేర్పుచున్నది. మరియొక మాట. ఆ ఫ్యాక్టరీని మూయించినది యజమానులు మాత్రమే కాదు, నాలుగు కాసులు మిగుల్చుకొన్న కొనుగోలుదారులు కూడ. మనము చౌకగా కొను వస్తువు ఎవరి ఊపిరితో తయారైనదో విచారించుట మనకును తగును. అట్టి మనస్సు ప్రభువు మన డయాసిస్‌లోని ప్రతి కుటుంబమునకు దయచేయును గాక.