ఆవిరి ఇంజన్ల ఆఖరి ఐదేళ్లు

ముందు ఒక ఫోటో గురించి చెప్తాను. రాత్రి పూట. డ్రైవ్-ఇన్ సినిమా, అంటే కార్లు పార్క్ చేసుకుని అందులోనే కూర్చుని సినిమా చూస్తారు కదా, అది. ఫోటోలో ముందువైపు టాప్ లేని కారులో ఒక జంట. తెర మీద ఒక జెట్ విమానం. పక్కనే, మైదానం చివర, తెల్లటి పొగ చిమ్ముకుంటూ ఒక పెద్ద ఆవిరి ఇంజన్ దూసుకుపోతోంది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, ఐగర్ అనే ఊరు, 1956 ఆగస్టు 2. తీసినవాడు ఓ. విన్‌స్టన్ లింక్.

రైళ్ల ఫోటోలు తీసే పిచ్చి ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడున్నా ఈ పేరు తెలిసే ఉంటుంది. మనలో చాలామందికి తెలియదు. నాకూ ఏడాది క్రితం వరకు తెలియదు. రాయాలని ఎందుకు అనిపించిందంటే, ఈయన మనవాడు. ఇంజనీరింగ్ చదివాడు!

పుట్టింది 1914లో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో. నాన్న స్కూల్లో చెక్కపని నేర్పే టీచర్. చేత్తో పని చెయ్యడం, కెమెరా పట్టడం రెండూ ఇంట్లోనే అబ్బాయి. బ్రూక్లిన్ పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ చేసి 1937లో బయటికొచ్చాడు. కాలేజీలో ఉండగా స్టూడెంట్ పేపర్‌కి ఫోటోలు చూసింది కూడా ఆయనే. డిగ్రీ అయ్యాక వంతెనలు కట్టలేదు, ఒక పబ్లిసిటీ కంపెనీలో ఫోటోగ్రాఫర్‌గా చేరిపోయాడు. (బ్రాంచి ఒకటి, ఉద్యోగం ఒకటి. ఇది మన దగ్గరే మొదలైందనుకున్నాను.)

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. గవదబిళ్ళలు వచ్చి వినికిడి దెబ్బతినడంతో సైన్యంలోకి తీసుకోలేదు. బదులుగా, నీళ్ల కింద ఉన్న సబ్‌మెరైన్లని విమానంలోంచి కనిపెట్టే పరికరం తయారుచేస్తున్న ఒక ల్యాబ్‌లో పనిచేశాడు. ఆ ల్యాబ్‌ దగ్గర్లోనే లాంగ్ ఐలాండ్ రైల్వే లైను. రైళ్ల ఇష్టం అక్కడ ఇంకాస్త ముదిరింది. యుద్ధం అయ్యాక 1946లో సొంత స్టూడియో పెట్టుకుని, కంపెనీల ప్రకటనలకి ఫోటోలు తీస్తూ బతికాడు.

అసలు కథ 1955 జనవరిలో మొదలవుతుంది. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు. ఎయిర్ కండిషనర్ల ప్రకటన పని మీద వర్జీనియాలో స్టాంటన్ అనే ఊరికి వెళ్లాడు. దగ్గర్లో వేన్స్‌బరో అని ఇంకో ఊరు, అక్కడ నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే స్టేషన్. ఒక సాయంత్రం ఊరికే చూసొద్దామని వెళ్లాడు. మిగతా పెద్ద రైల్వేలు అప్పటికే డీజిల్‌కి మారిపోయాయి, లేదా మారుతున్నాయి. ఈ కంపెనీ ఒక్కటే ఇంకా ఆవిరి ఇంజన్లని పట్టుకుని ఉంది. కారణం సెంటిమెంట్ ఏం కాదు. దాని ప్రధాన సరుకు బొగ్గు, దాని లైన్లు బొగ్గు గనుల మధ్యలోంచే పోతాయి. ఇంజన్లని కూడా రోనోక్‌లో సొంత వర్క్‌షాపులోనే తయారు చేసుకునేది. అయినా ఎంతకాలం? అదే ఏడాది మేలో ఈ కంపెనీ కూడా డీజిల్ ఇంజన్లు తీసుకుంటున్నట్టు ప్రకటించింది.

లింక్ మళ్లీ వచ్చి మొదటి రాత్రి ఫోటో తీసింది జనవరి 21న. తర్వాత కంపెనీకి ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకున్నాడు. డబ్బు అడగలేదు, వాళ్లు ఇవ్వనూ లేదు. ఖర్చంతా సొంతం. 1960 దాకా దాదాపు ఇరవై ట్రిప్పులు, రెండు వేల నాలుగు వందలకి దగ్గరగా నెగటివ్‌లు.

రాత్రే ఎందుకు? సూర్యుడు ఆయన మాట వినడు కాబట్టి. ఎండ ఎటు నుంచి పడాలో, పట్టాలు ఎటు తిరగాలో ఫోటోగ్రాఫర్ చేతిలో ఉండదు. చీకట్లో అయితే ఎక్కడ వెలుగు కావాలంటే అక్కడే పెట్టుకోవచ్చు, అక్కర్లేనివన్నీ చీకటే మింగేస్తుంది. పైగా వెలుగు పడితే నల్లటి ఆకాశం మీద ఆవిరి తెల్లగా మెరుస్తుంది. కానీ ఇంజన్ నల్లది, రాత్రి నల్లది, రైలు ఆగదు. అందుకని డజన్ల కొద్దీ ఫ్లాష్ బల్బులు, వాటికి రిఫ్లెక్టర్లు, మైదానమంతా వైర్లు. ఐగర్ ఫోటోకే నలభైకి పైగా బల్బులు వాడాడు. ఒక్కో బల్బు ఒక్కసారే వెలుగుతుంది, తర్వాత పారెయ్యడమే. అన్నిటినీ ఒకే క్షణంలో వెలిగించే పవర్ సప్లై తనే డిజైన్ చేసుకున్నాడు.

ఇక్కడ నాకు నచ్చిన విషయం. బల్బులన్నీ సీరీస్‌లో కలిపేవాడు. ఫస్టియర్ ఎలక్ట్రికల్ గుర్తుందా? సీరీస్‌లో ఒక్కటి పోతే సర్క్యూట్ తెగి మొత్తం ఆరిపోతుంది. ఇదేం పిచ్చి డిజైన్ అనుకున్నాను మొదట. రైలు వెళ్లేది ఒక్కసారే, ఒక్క బల్బు మొండికేస్తే రాత్రంతా పడ్డ కష్టం గోవిందా. తర్వాత ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇదీ: పారలల్‌లో అయితే మూల ఉన్న నాలుగు బల్బులు వెలగకపోయినా ఆ క్షణంలో తెలియదు, ఇంటికెళ్లి ఫిల్మ్ కడిగాకే తెలుస్తుంది. సీరీస్‌లో తప్పు అక్కడే బయటపడుతుంది. ప్రోగ్రామ్ తప్పు ఆన్సర్‌తో సైలెంట్‌గా నడవడం కన్నా క్రాష్ అవ్వడమే నయం కదా, అలా.

అంత కష్టపడి తీసిన ఫోటోల్లో చాలావాటిలో రైలు పక్కకి వెళ్లిపోయి ఉంటుంది. లూరే అనే ఊళ్లో పిల్లలు రాత్రి వాగులో ఈత కొడుతుంటారు, వాళ్ల తల మీద వంతెన, వంతెన మీద రైలు. లిథియాలో ఒక ఇంటి హాలు, కిటికీలోంచి రైలు. వెసూవియస్‌లో పెట్రోల్ బంకు, వెనక రైలు. రైల్వే కంపెనీ సిగ్నల్ టవర్ ఆపరేటర్లు, స్టేషన్ మాస్టర్లు, ఇంజన్‌కి నూనె పెట్టేవాళ్లు అందరూ ఉంటారు. ఆ రైలు పోతే దానితో ఈ బతుకంతా పోతుందని ఆయనకి అర్థమైందనుకుంటాను. ఉత్త ఇంజన్ల ఫోటోలు చాలామంది తీశారు.

ఇప్పుడు గొడవ విషయం. ఆ డ్రైవ్-ఇన్ తెర మీది విమానం అక్కడ ఫిల్మ్ మీద పడలేదు. నలభై బల్బుల వెలుగుకి తెర తెల్లబారిపోయింది. సినిమాలోని ఆ దృశ్యాన్ని వేరే నెగటివ్ నుంచి తర్వాత ప్రింట్‌లో కలిపాడు. కారు కూడా ఆయనదే, జంటని అందులో కూర్చోబెట్టిందీ ఆయనే. వాగులో పిల్లలూ అంతే, సెట్ చేసిన సీనే. మరి ఇది డాక్యుమెంటరీనా, ఫేకా? మా రూమ్‌లో దీని మీద పెద్ద వాదనే అయింది. ఫేక్ అన్నవాడు సగం రైటే. కానీ రైలు నిజం, అది వెళ్లిన టైమ్ నిజం, ఆ ఊళ్లో పట్టాల పక్కనే సినిమా చూడటం నిజం. మళ్లీ దొరకనిదాన్ని ఆయన సెట్ వెయ్యలేదు, దాని చుట్టూ వెలుగు మాత్రం పెట్టాడు. నేను ఆయన వైపే.

దీనికి నా సొంత కారణం ఒకటుంది. మా ఊరి స్టేషన్ బయట పాత చెయ్యి సిగ్నల్ ఉండేది. చెయ్యి వాలితే బండి వస్తోందని అర్థం. చిన్నప్పుడు తాతయ్య సైకిల్ మీద ముందు కూర్చుని అది వాలడం కోసం ఎదురుచూసేవాణ్ణి. పదో తరగతి అయ్యాక ఫోన్ చేతికొచ్చింది, ఫోటో తీద్దామని వెళ్లాను. అక్కడ రంగు దీపాల సిగ్నల్ ఉంది. పాతది ఎప్పుడు పీకేశారో ఎవరూ చెప్పలేకపోయారు. మా దగ్గర దాని ఫోటో ఒక్కటి కూడా లేదు, సెట్ చేసింది కూడా లేదు.

లింక్ ఫోటోలతో ఆగలేదు. సరిగ్గా వినపడని మనిషి టేప్ రికార్డర్ మోసుకెళ్లి రైళ్ల చప్పుళ్లు రికార్డ్ చేశాడు, 1957 నుంచి గ్రామఫోన్ రికార్డులుగా విడుదల చేశాడు. రూరల్ రిట్రీట్ అనే ఊళ్లో క్రిస్మస్ ముందు రాత్రి చర్చి గంటల పాట మోగుతుండగా రైలు వచ్చి ఆగి మళ్లీ కదిలే రికార్డింగ్ చాలా ఫేమస్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి.

1958లో కంపెనీకి కొత్త ప్రెసిడెంట్ వచ్చాడు, డీజిల్ మార్పు వేగం పెరిగింది. 1960 మేలో ఆఖరి ఆవిరి ఇంజన్ ఆగిపోయింది. లింక్ మళ్లీ ప్రకటనల ఫోటోలకి వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లకి పైగా ఈ ఫోటోలు రైలు పిచ్చోళ్లకి తప్ప పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1983లో మ్యూజియంలలో ప్రదర్శన పెట్టాక పేరొచ్చింది, 1987లో పుస్తకం వచ్చింది. అప్పటికి ఆయన డెబ్బై దాటాడు. పేరుతో పాటు ప్రింట్లకి రేటు కూడా పెరిగింది, దాంతో ఇంట్లోనే దెబ్బ తగిలింది. ప్రింట్లు దొంగిలించినందుకు ఆయన రెండో భార్యకి 1996లో జైలు శిక్ష పడింది. దీని గురించి ఇంతకంటే రాయాలని లేదు.

1999లో వచ్చిన 'అక్టోబర్ స్కై' సినిమా చూశారా? బొగ్గు గని ఊళ్లో రాకెట్లు చేసే కుర్రాళ్ల కథ. అందులో కాసేపు ఇంజన్ డ్రైవర్‌గా కనిపించే ముసలాయన లింకే. 2001 జనవరి 30న గుండెపోటుతో పోయాడు, ఎనభై ఆరేళ్లు.

2004లో రోనోక్‌లో ఆయన ఫోటోల మ్యూజియం తెరిచారు. అది పాత నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ ప్యాసింజర్ స్టేషన్ బిల్డింగే. పక్కనే మెయిన్ లైను. గూడ్సు బళ్లు ఇప్పటికీ పోతుంటాయి, అన్నీ డీజిల్ ఇంజన్లతోనే.