న్యూటను పీఠమున స్టోక్స్

ఐర్లండు దేశమున స్లైగో మండలములో స్క్రీన్ అను పల్లె కలదు. ఆ యూరి చర్చి గురువునకు కడపటి సంతానముగా జార్జి గేబ్రియల్ స్టోక్స్ 1819వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన జన్మించెను. డబ్లిన్ నగరమున చదువుకొనుచుండగా తండ్రి మరణించెను. ఐనను చదువు మానక, బ్రిస్టల్‌లో కొంతకాలముండి, 1837లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను. 1841లో గణితశాస్త్ర పరీక్షయందు అందఱిలో ప్రథముడుగా నిలిచెను.

1849లో, ముప్పదియేండ్ల ప్రాయమున, ఆయనకు గణితాచార్య పదవి లభించెను. పూర్వము న్యూటను మహాశయుడు అధిష్ఠించిన పీఠమదియే. గౌరవము గొప్పది, జీతము స్వల్పము. అందువలన స్టోక్స్ లండనులోని గనుల పాఠశాలలో గూడ పాఠములు చెప్పవలసివచ్చెను.

ఆ కాలమున క్వినైను ద్రవమొకటి పండితులను కలవరపెట్టుచుండెను. క్వినైను చేదు మన తాతలకు చక్కగ తెలియును; చలిజ్వరమునకు వారు మ్రింగిన మందు అదియే కదా! దానిని కొలదిగ గంధకామ్లము కలిపిన నీటిలో కరగించినచో ఆ ద్రవము తేటనీటివలె నుండును. కాని యెండ సోకినచోట దాని పైభాగమున చక్కని నీలికాంతి కనబడును. 1845లో జాన్ హెర్షెల్ దీనిని వర్ణించెను గాని కారణము తేల్చలేకపోయెను.

పట్టకము ద్వారా వేఱుపడిన యేకవర్ణ కిరణము మఱల రంగు మారదని న్యూటను చెప్పియుండెను. స్టోక్స్ మొదట ఆ నియమమునకు లోబడియే నీలికాంతికి కారణము వెదకెను. ఎన్ని విధముల యోచించినను పొసగలేదు. న్యూటను పీఠముననే కూర్చుండి న్యూటను మాటను సందేహించుట సామాన్యమైన సాహసమా?

ఆయన గదిని చీకటిచేసి, సన్నని చీలికగుండ సూర్యకిరణమును రప్పించి, పట్టకముచే దానిని సప్తవర్ణములుగా విడదీసెను. క్వినైను ద్రవము గల గాజుగొట్టమును ఎఱుపు చివరనుండి మెల్లగ జరపెను. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ కాంతులు ద్రవమును దాటిపోయెను, మార్పేమియు లేదు. ఊదారంగు దాటి, కంటికి చీకటిగ తోచు తావునకు గొట్టము చేరగనే ద్రవము నీలముగా వెలిగెను! కంటికి కానరాని అతినీలలోహిత కిరణములను క్వినైను గ్రహించి, కంటికి కనబడు కాంతిగా మార్చి వెలువరించుచున్నదని స్టోక్స్ గ్రహించెను. 1852లో నూఱు పుటల వ్యాసమున దీనిని వివరించెను. ఫ్లోర్‌స్పార్ అను ఖనిజము పేరునుబట్టి ఈ గుణమునకు ఆయన పెట్టిన పేరు ఫ్లోరెసెన్స్. మన శాస్త్రగ్రంథములలో ప్రతిదీప్తి యందురు.

పిమ్మట ఆయన చేతికందిన వస్తువునెల్ల పరీక్షించెను. మన వంటింటి పసుపును సారాయిలో నానబెట్టి తీసిన రసముగూడ ఆ కిరణములలో వెలిగినది. ఆకుల రసము ఎఱ్ఱగ ప్రకాశించెను. క్వినైను ద్రవమునకు హైడ్రోక్లోరికామ్లము చేర్చగా నీలికాంతి తగ్గిపోయెను. కాంతి హెచ్చుతగ్గులే ద్రవములో నేమి చేరినదో తెలుపగలవన్నమాట. కంటికి ఒక్కతీరుగ కనబడు పదార్థములను కాంతిచే వేఱుపఱుపవచ్చునని 1864లో ఆయన రసాయనశాస్త్రజ్ఞులకు బోధించెను.

నేడు మన కరెన్సీనోటును అతినీలలోహిత దీపము క్రింద నుంచినచో దాని సంఖ్యలును, కాగితములో కలిపిన సన్నని పోగులును వెలుగును. సామాన్యపు సిరాతో అచ్చువేసిన దొంగనోటునందు ఆ వెలుగుండదు.

స్టోక్స్ 1857లో వివాహమాడెను. పెండ్లియైనవారు కళాశాల సభ్యులుగా నుండరాదను నాటి నియమముచే ఆ స్థానమును విడిచెను. పండ్రెండేండ్లకు నియమము మారగా మఱల చేరెను. 1854 మొదలు 1885 వఱకు రాయల్ సొసైటీ కార్యదర్శిగా ఇతరుల వ్యాసములను దిద్దుటలో విశేషకాలము గడపెను. ఆ కాలములో కొంత తనకై మిగుల్చుకొనియున్న బాగుండెడిదని నాకు తోచును. తరువాత అయిదేండ్లు ఆ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1903వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన కేంబ్రిడ్జిలో మరణించునాటికిని న్యూటను పీఠము ఆయనదిగనే యుండెను.