కవిసార్వభౌముడు – పలనాటి పాట

తెలుగు కవులలో సార్వభౌముడని పేరొందిన శ్రీనాథుడు 14వ శతాబ్దపు చివరను, 15వ శతాబ్దపు పూర్వార్ధమునను జీవించిన మహాకవి. తండ్రి మారయ, తల్లి భీమాంబ. తాత కమలనాభుడును కవియే. బాల్యముననే మరుత్తరాట్చరిత్రమును, నూనూగు మీసముల నాడు శాలివాహన సప్తశతిని రచించి, నిండు యౌవనమున శ్రీహర్షుని సంస్కృత కావ్యమును శృంగార నైషధముగ తెనిగించెను.

1402 మొదలు 1420 వరకు కొండవీటి నేలిన పెదకోమటి వేమారెడ్డి కొలువున నీతడు విద్యాధికారి. పండితులను పరీక్షించుటయు, శాసనములు రచించుటయు నీతని పనులుగ నుండెను. పిమ్మట విజయనగరమున ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును వాదమున జయించి, ఆతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము పొందెనని ప్రతీతి. అంతటి భోగి పలనాటికి వచ్చినపుడు ఇచ్చటి రాతినేలను, జొన్నకూటిని ఎగతాళి సేయుచు చెప్పినవని కొన్ని చాటువులు నేటికిని జనుల నోట నున్నవి.

అయినను ఆ మెట్టసీమయే యీతనికి గొప్ప కథ నిచ్చినది. 1182 ప్రాంతమున నాగులేటి యొడ్డున కార్యమపూడిలో దాయాదులు పోరి నేలకొరిగిన వృత్తాంత మది. ఆ కథ పలనాటి యెల్లలు దాటి ఓరుగంటి వీధులలో సయితము పాడబడెడిదని క్రీడాభిరామము వలన తెలియుచున్నది. శ్రీనాథుడు దానిని పలనాటి వీరచరిత్రముగ రచించి మాచర్ల చెన్నకేశవునకు అంకితము చేసెనని సంప్రదాయము. ఆ గ్రంథ మీతనిది కాదని వాదించిన పరిశోధకులును కలరు. పలనాటి జనులు మాత్ర మా పేరును విడువలేదు.

ఆ కృతి మంజరీ ద్విపదలో నున్నది. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. ప్రాస నియమము లేదు. రెండవ యక్షరమునకై వెదకులాడ బనిలేనందున కథ యేరువలె సాగును. పాడువాని గొంతునకును, వినువాని చెవికిని సులువగును. పండితులు ద్విపదను చిన్నచూపు చూచిన కాలమున, ప్రౌఢ సమాసములకు పెట్టినది పేరైన కవి జనుల కొఱకు ఈ ఛందమును చేపట్టెనన్న మాట యోచింపదగినది.

కార్తిక అమావాస్య నాడు కార్యమపూడిలో మొదలగు వీరారాధన రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో అయిదు దినములు సాగును. దూరపు టూళ్ల వారు ఆలుబిడ్డలతో చుట్టముల యిండ్లకు వచ్చి దిగుదురు. వీరవిద్యావంతులు పంబ మ్రోతకు వీరుల కథ నెత్తుకొనగా, తాతలు తమకు కంఠస్థమైన పట్టులను ముందుగనే గొణుగుదురు. తల్లులు బాలచంద్రుని మరణమునకు కన్నీరు పెట్టుదురు. పిల్లలు పాట మధ్య నిదురించి, బ్రహ్మనాయని పేరు వినినంతనే లేచి కూర్చుందురు. ఒక్క యింటి మూడు తరములను ఒక్క చాపపై కూర్చుండబెట్టిన గొప్పతన మా పాటది. అక్షరము రానివానికిని కావ్య మందినది ఆ గొంతుల వలననే.

శ్రీనాథుని తుదిదినములు మిక్కిలి దుఃఖకరములు. పోషించిన రాజులు గతించిరి. బొడ్డుపల్లెను కౌలునకు తీసికొనగా కృష్ణవేణి పొంగి పంటను కొనిపోయెను. మిగిలిన తిలలు, పెసలు పక్షుల పాలయ్యెను. ఏడునూరు టంకముల శిస్తు చెల్లింపలేక రాజదండనకు లోనై, బరువు మోసి, సంకెల ధరించెనని చాటువులు తెలుపుచున్నవి. స్వర్ణస్నానము చేసిన మేనికి శిస్తు బాకీకై దండన కలిగెను. పంట పోయిన యేట పన్ను కట్టవలసిన రైతు గోడును ఆ కవి తన దేహముననే యెఱిగెను.

కనకాభిషేకపు టంకము లొక్కటియు నిలువలేదు. కొండవీటి కోట శిథిలమైనది. వీరుల పాట నిలిచినది. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు బాలచంద్ర యుద్ధ భాగమును పరిష్కరించి ప్రకటింపగా, గొంతులనుండిన కథకు అచ్చును తోడైనది. చదువరులు గ్రంథాలయమున నా పుస్తకమును చదివి, కార్తికమున కుటుంబముతో కార్యమపూడికి పోయి పాటను విందురు గాక! చదివినది వినబడును, వినినది మరల చదువ బుద్ధి పుట్టును. ఆ మహాకవికి పలనాటి వారు చెల్లింపగల కప్ప మిదియే.