అల్లూరి సీతారామరాజు - ఆయుధము, దాని హద్దు

మాకవరపాలెం ప్రాంతవాసులకు నర్సీపట్నం కొత్త కాదు. ఆ ఊరు దాటి కొండదారిని ఎక్కితే లంబసింగి, చింతపల్లి వస్తాయి. ఒక శతాబ్దం క్రిందట ఆ దారి నిర్మాణంలోనే మన్యవాసుల చెమట, కన్నీరు కలిసిపోయాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వారి పోడు సేద్యానికి సంకెల వేసింది. గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ చేయించిన వెట్టిచాకిరీ వారి వెన్ను విరిచింది. మొర వినవలసిన అధికారియే పీడకుడైతే పీడితునికి దిక్కెవరు? సీతారామరాజు జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ అల్లుకొన్నది.

1897 జూలై 4న పాండ్రంగిలో జన్మించిన రాజు బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. యౌవనంలో సన్న్యాసివలె కృష్ణదేవిపేట చేరి మన్యవాసుల విశ్వాసం చూరగొన్నారు. మొదట ఆయన బోధించినది ఆయుధం కాదు. మద్యం మానుమన్నారు, తగవులను పంచాయతీలలో తీర్చుకొనుమన్నారు. శాంతిమార్గం ఫలించదని తోచిన పిమ్మటనే గాం గంటందొర, గాం మల్లుదొర మొదలగువారితో తిరుగుబాటుకు పూనుకొన్నారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. తీసికొన్న ఆయుధాలకు లెక్క వ్రాసి, సంతకం చేసి వెళ్ళుట రాజు పద్ధతి. చేతికి చిక్కిన పోలీసులను చంపక విడిచిపెట్టారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అను ఆంగ్లాధికారులను కూల్చారు.

దీనిని ఆత్మరక్షణ అనవచ్చునా? 1860 నాటి శిక్షాస్మృతి ఆ హక్కునకు గిరి గీసింది. అపాయం కళ్ళెదుట ఉండాలి. ప్రతిఘటన అవసరాన్ని మించరాదు. అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడ ఆ హద్దులనే నిలిపినది. ఆ కొలత ప్రకారం పొంచియుండి చేసిన దాడి ఆత్మరక్షణ కాదు, తిరుగుబాటే. రాజు దానిని దాచలేదు. ఫలితాన్ని తానే మోయుటకు సిద్ధపడ్డారు.

1924 మే 7న మంప వద్ద పట్టుబడిన రాజును కొయ్యూరులో మేజర్ గుడాల్ విచారణ లేకయే కాల్పించాడు. పారిపోబోయినందున కాల్చితిమని ప్రభుత్వం చెప్పుకొన్నది. చెట్టుకు కట్టిన బందీ వలన ఎవరికేమి అపాయం? చట్టం పేరిట పాలించినవారే చట్టాన్ని కాలరాచిరి. ఇందుకు భిన్నంగా, న్యాయస్థానం విచారించి శిక్షించిన మల్లుదొర కారాగారం నుండి బ్రతికి వచ్చి, 1952లో లోక్‌సభ సభ్యుడై శాసనకర్తల సరసన కూర్చున్నారు. విచారణ నిలిపే ప్రాణం విలువ ఇంతటిది.

విద్యార్థి మిత్రులారా! వీధిలో దొంగయని అనుమానించి ఒకని కట్టివేసి కొట్టే గుంపు రాజు పేరు తలచుటకు అర్హమైనది కాదు. ఆ గుంపు పోలిక కొయ్యూరు చెట్టు ఎదుట తుపాకి పట్టినవారితోనే. రాజు వోటుగాని, మొర వినే న్యాయస్థానంగాని లేని మన్యవాసుల పక్షాన నిలిచారు. నేడు మనకు ఆ రెండును ఉన్నవి. అవి సక్రమంగా పనిచేయునట్లు చూచుటయే కృష్ణదేవిపేట సమాధిలో విశ్రమించిన ఆ వీరునికి మనం అర్పించదగిన నివాళి.