నాలుకయు అచ్చుయంత్రమును
(మార్టిన్ లూథరు జీవితము)

ధ్యాన భాగము: యాకోబు 3:1-12



దైవసేవకుల జీవితములలో మాదిరియు గలదు, హెచ్చరికయు గలదు. మార్టిన్ లూథరు జీవితము అట్టిది.

ఆయన 1483 నవంబరు 10న జర్మనీలోని ఐస్లెబెన్ పట్టణమున జన్మించెను. 1505లో మఠములో చేరి, తరువాత విట్టెన్‌బర్గులో బైబిలు బోధకుడయ్యెను. పాపశిక్ష తగ్గింపు పత్రములను డబ్బుకు అమ్ముట చూచి, 1517 అక్టోబరు 31న 95 వాదాంశములు వ్రాసి ఆర్చిబిషప్పునకు పంపెను. పండితులు చర్చింపవలెనని ఆయన తలంపు. అయితే అచ్చువారు వాటిని ముద్రించిరి. ఆ సంవత్సరాంతమునకే అవి నూరెంబర్గు, లైప్‌జిగు, బాసెలు పట్టణములలో అచ్చుపడెను.

అచ్చు బలము గ్రహించిన లూథరు సామాన్యుల భాషలో చిన్న కరపత్రములు వ్రాయసాగెను. 1520లో ఒక పుస్తకము 4,000 ప్రతులు కొలది వారములలోనే చెల్లిపోయెను. చదువురానివారికి చదువు వచ్చినవారు వినిపించిరి. 1522లో క్రొత్త నిబంధన జర్మను భాషలో ప్రజల చేతికి వచ్చెను. ఇది గొప్ప మేలు.

కాని అదే యంత్రము దూషణను కూడ మోసెను. ఒక పక్షము పోపును క్రీస్తువిరోధిగా చిత్రించెను. మరియొక పక్షము 1529లో లూథరుకు ఏడు తలలు పెట్టి బొమ్మ వేసెను.

1525లో పేద రైతులు తమ భారములు తగ్గింపుడని వాక్యాధారముతో 12 కోరికలు అచ్చొత్తించిరి. లూథరు మొదట ప్రభువుల అన్యాయమును గద్దించెను. తిరుగుబాటు ముదిరినప్పుడు, కోపముతో, రైతులను కనికరము లేక హతము చేయుడని వ్రాసెను. ఆ కరపత్రము వ్యాపించునాటికి ఓడిన రైతులు ఊచకోతకు గురియగుచుండిరి. ఆ యుద్ధములో లక్షమంది వరకు చనిపోయిరని అంచనా. స్నేహితులు సహితము నొచ్చుకొనిరి. ఆయన ఆ మాట వెనుకకు తీసికొనలేదు. 1543లో యూదులపై వ్రాసిన క్రూరమైన పుస్తకమును 400 ఏండ్ల పిమ్మట నాజీలు వాడుకొనిరి. తరువాత లూథరన్ సంఘములే ఆ మాటలను బహిరంగముగా నిరాకరించెను.

1546 ఫిబ్రవరి 18న ఆయన పుట్టిన ఊరిలోనే కన్నుమూసెను. వ్రాసినవాడు పోయెను, వ్రాత మిగిలెను.

నేడు మన పల్లెలలోను చేతిలో సెల్‌ఫోను గలదు. వేరొక కులమును, మతమును, సంఘమును దూషించు సందేశము రాగానే నిజమో కాదో విచారింపక పదిమందికి పంపుచున్నాము. లూథరు కరపత్రమునకు వారములు పట్టెను. మన మాటకు క్షణము చాలును. అంత గొప్ప సేవకుడే కోపములో తప్పిపోగా మనమెంత? ఆదివారము స్తుతించిన నోటితో సోమవారము శపింపవచ్చునా?

ప్రార్థన: ప్రభువా, మా నాలుకకును మా వ్రేళ్లకును కావలి యుంచుము. ఆమేన్.