బిడ్డల్ని అల్లాహ్‌కు అప్పగించిన తల్లి: బీ అమ్మ

సంతానం చిన్నగా ఉన్నప్పుడు తల్లి చేయి పట్టుకుని నడిపిస్తుంది. వారు ఎదిగి దూరమైన తర్వాత ఆమెకు మిగిలే గొప్ప సాధనం దుఆ. తల్లిదండ్రులు బిడ్డల కోసం చేసే దుఆ వృథాకాదని దైవప్రవక్త (సఅసం) మనకు శుభవార్త ఇచ్చారు. అయితే ఆ దుఆలో మనం ఏం కోరుకోవాలి? బిడ్డల సుఖాన్నా, వారి ఈమాన్ క్షేమాన్నా? మౌలానా షౌకత్ అలీ, మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్‌ల మాతృమూర్తి ఆబాదీ బానూ బేగం జీవితంలో దీనికి జవాబు ఉంది. ప్రజలు ఆమెను ప్రేమగా బీ అమ్మ అని పిలిచేవారు.

రాంపూర్‌లో ఆమె భర్త అబ్దుల్ అలీ ఖాన్ కలరాతో మరణించే నాటికి ముహమ్మద్ అలీకి సుమారు రెండేళ్ళు. చిన్న వయసులోనే వితంతువైన ఆమె పిల్లల పెంపకానికే జీవితాన్ని అంకితం చేశారు. ఇంగ్లీషు చదువుకు బంధువులు డబ్బు ఇవ్వనంటే నగలు తాకట్టు పెట్టి కొడుకుల్ని బరేలీ బడికి పంపారు. తర్వాత వారు అలీగఢ్‌లో చదివారు. 1898లో ముహమ్మద్ అలీ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. ఆమెకు మాత్రం ఇంగ్లీషు రాదు. బిడ్డలకు ఆమె ఇవ్వగలిగింది దీన్ పట్ల ప్రేమే. తనకు దక్కిన సమస్తం అటువంటి తల్లినిచ్చిన అల్లాహ్ అనుగ్రహమేనని ముహమ్మద్ అలీ తర్వాత రాసుకున్నారు.

1915లో బ్రిటిష్ ప్రభుత్వం సోదరులిద్దరినీ నిర్బంధించింది. ఛింద్వాడాలో వృద్ధురాలైన తల్లి కూడా వారితోపాటే ఉన్నారు. 1917లో ఒక అధికారి విడుదల కోసం హామీపత్రం తెచ్చాడు. బిడ్డలు బయటికి రావాలని ఏ తల్లి కోరుకోదు? కానీ తన కొడుకులు ఈమాన్‌కు విరుద్ధంగా సంతకం చేస్తే వారి గొంతు నులిమేంత బలాన్ని అల్లాహ్ ఈ ముసలి చేతులకు ప్రసాదిస్తాడని ఆమె పరదా చాటునుంచి తెలిపినట్లు ప్రసిద్ధి. ఆ ఏడాది కలకత్తా ముస్లిం లీగ్ సభకు ముహమ్మద్ అలీ అధ్యక్షుడిగా ఎన్నికైనా నిర్బంధంలోనే ఉండిపోయారు. అప్పుడు తల్లే బురఖాలో వచ్చి ఆ సభలో మాట్లాడారు.

1921 సెప్టెంబరు 14న మన వాల్తేరు రైల్వే స్టేషన్‌లో ముహమ్మద్ అలీని అరెస్టు చేశారు. బ్రిటిష్ సైన్యంలో కొలువు ముస్లింలకు హరామ్ అని కరాచీ ఖిలాఫత్ మహాసభలో తీర్మానించడమే నేరం. నవంబరులో సోదరులిద్దరికీ రెండేళ్ళ జైలుశిక్ష పడింది. డెబ్బై ఏళ్ళ బీ అమ్మ కుమిలిపోతూ ఇంట్లో కూర్చోలేదు. ఊరూరా తిరిగి ఖిలాఫత్ నిధికి విరాళాలు సేకరించారు, ఖద్దరు ధరించమని స్త్రీలకు బోధించారు. 1923లో కొడుకులు విడుదలయ్యారు. ఆ డిసెంబరులో ముహమ్మద్ అలీ కాకినాడ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు.

1924 మార్చిలో టర్కీ ప్రభుత్వమే ఖిలాఫత్‌ను రద్దు చేసింది. అదే ఏడాది నవంబరులో బీ అమ్మ కన్నుమూశారు. పైపైన చూస్తే ఆమె కోరింది నెరవేరలేదు. కాని బిడ్డలు తలవంచకుండా నిలబడాలన్న ఆ తల్లి ఆశ మాత్రం వమ్ము కాలేదు. దుఆ ఫలం మనం అనుకున్న రూపంలోనే రావాలని లేదు.

నేడు మన బిడ్డలు దుబాయిలో, రియాద్‌లో, అమెరికాలో ఉన్నారు. ఫోనులో జీతం గురించి, తిండి గురించి అడుగుతాం. అడగవలసిందే. దానితోపాటు నమాజు గురించి, హలాల్ సంపాదన గురించి కూడా అడుగుదాం. తహజ్జుద్‌లో ఒక్కొక్కరి పేరూ తలచుకుని, వారి ఉద్యోగం కన్నా ముందు వారి ఈమాన్‌ను అల్లాహ్‌కు అప్పగిద్దాం.

అల్లాహ్ బీ అమ్మను కరుణించుగాక! దూరాన ఉన్న మన సంతానాన్ని రుజుమార్గంపై స్థిరంగా ఉంచుగాక! ఆమీన్.