మొక్కలచే బదులు చెప్పించిన జగదీశచంద్ర బోసు

వాన లేక వాడిన మొక్కను మనమందరమును చూచుచునే యుందుము. ఆ మొక్క తన బాధకు లోలోపల నేమి బదులు చెప్పుచున్నదో కనుగొనగోరినవారు మాత్రము మిక్కిలి యరుదు. ఆ ప్రశ్నకై తన జీవితములో పెక్కేండ్లు ధారవోసిన మహనీయుడు సర్ జగదీశచంద్ర బోసు.

ఈయన 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీని వంగదేశమున జన్మించెను. తండ్రి ప్రభుత్వాధికారియైనను, కుమారుని ఇంగ్లీషు బడికి బంపక మాతృభాషా పాఠశాలలోనే చేర్చెను. అచ్చట జాలరి బిడ్డల సరసను కూర్చుండి వినిన పక్షుల కథలును జంతువుల కథలును జలచరముల కథలును ఆయన ప్రకృతిప్రేమకు బీజములయ్యెను. తరువాత కలకత్తా సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లాఫాన్ అను గురువు చూపిన ప్రయోగములు ఆయనకు భౌతికశాస్త్రమునం దాసక్తి గలిగించెను. ఇంగ్లాండులో పట్టములంది, 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో నుపాధ్యాయు డయ్యెను. తెల్లవారికంటె తక్కువ జీతము నిర్ణయింపబడగా, మూడు సంవత్సరములు జీతము ముట్టకయే పాఠములు చెప్పెను. తుదకు ప్రభుత్వము పూర్తి జీతమును వెనుకటి బాకీతో గూడ నిచ్చెను.

మొదట విద్యుత్తరంగములపై పరిశోధించి ఖ్యాతిగాంచిన యీయన, పిమ్మట మొక్కలవైపు దృష్టి మరల్చెను. దెబ్బ, వేడి, చలి, విషము మొదలగువానికి సామాన్యమైన మొక్కయు విద్యుత్ స్పందనముతో బదులిచ్చునని 1901లో లండను రాయల్ సొసైటీ యెదుట చూపెను. బర్డన్ శాండర్సన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞు డందుల కంగీకరింపలేదు. బోసు వ్యాసము ముద్రింపబడక నిలిచిపోయెను.

ఆయన నిరుత్సాహపడక తన ఫలితములను 1902లోను 1906లోను గ్రంథములుగా ప్రకటించెను. అత్తిపత్తి ముడుచుకొనునప్పటి కదలికను, మసిపట్టించిన గాజుపలకపై ఆ మొక్కయే చుక్కలుగా వ్రాయునట్టి యంత్రమును గల్పించెను. మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెద్దది చేసి చూపు క్రెస్కోగ్రాఫును నిర్మించెను. 1917లో కలకత్తాలో తన పేర పరిశోధనాలయమును స్థాపించెను. వ్యాసమును నిలిపివేసిన రాయల్ సొసైటీయే 1920లో ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను. 1937వ సంవత్సరము నవంబరు 23వ తేదీని గిరిడీలో ఆయన దివంగతుడయ్యెను.

మొక్కలకు జంతువులవంటి నరములున్నవని ఆయన తలంచెను. దానిని నేటి శాస్త్రము అంగీకరింపదు. కాని బాధ సోకినచోటినుండి వార్త దూరపు ఆకునకు బోవునన్న మాట నిలిచినది. అత్తిపత్తి ఆకు గాయపడినప్పుడు కాల్షియము అయానులును విద్యుత్ సంకేతమును అలవలె బ్రాకును. ఆకు మొదటనున్న ఉబ్బులోని కణములనుండి పొటాషియము వెలువడగా నీరు దాని వెంటబోవును, ఆకు వాలిపోవును. ముడుచుకొనలేని అత్తిపత్తిని మిడుతలు ఎక్కువగా తినునని 2022లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. కావున ఆ ముడుచుకొనుట సిగ్గు కాదు, ఆత్మరక్షణము.

మన పెరటి బిళ్ళగన్నేరును చూడుడు. పురుగు కొరికినచో దాని యాకులో జాస్మోనిక్ ఆమ్లము పుట్టును. అది కణములలోని కొన్ని జన్యువులను మేల్కొల్పగా, అవి చేదైన ఆల్కలాయిడ్లను తయారుచేయించును. ఆ జాతి ఆల్కలాయిడులలో నొకటియైన విన్‌క్రిస్టీనుతో నేడు పిల్లల రక్తకాన్సరునకు చికిత్స చేయుచున్నారు. మొక్క తన్ను గాపాడుకొనుటకు జేసికొను పదార్థము మనకు మందైనది.

విద్యార్థులారా! బోసుగారి కాలమున ఈ అణువుల సంగతి యెవరికిని తెలియదు. అయినను మొక్క బదులు చెప్పునని నమ్మి, పండితులు కాదన్నప్పుడు కోపింపక, మరింత మేలైన యంత్రమును జేసి మరల నడిగెను. రేపు మీరు త్రోవప్రక్క అత్తిపత్తిని ముట్టి చూచునప్పుడు, అది ముడుచుకొన్నంతనే వెడలిపోక, మరల విచ్చుకొనువరకు నిలిచి యెంతసేపు పట్టినదో లెక్కించి వ్రాసికొనుడు. ఆయన పరిశోధనము అట్టి ఓర్పుతోనే సాగెను.